నల్లోడికి పడుకోవడం నేర్పిన రోజు

నా చిన్నప్పుడు మాఘమాసంలో ఓ ఆదివారం, పొద్దున్న తొమ్మిది గంటలకు మా నల్లోడు గెలిచాడు. నిన్న చోడవరంలో వేడి బెల్లం వాసన తగిలితే ఆ గెలుపే గుర్తొచ్చింది.

నల్లోడు మా కుక్క. పెద్ద పెనంలో బెల్లం వండే చోట అందరి కాళ్లకూ అడ్డం పడేవాడు.

"ఆదివారం పెనం దించినప్పుడు అడ్డొచ్చేడంటే, వడ్డాది సంతలో వొగ్గేసొస్తాను," అన్నాడు అయ్య.

వారమంతా నేర్పాను. "తొంగో" అనేదాన్ని. పడుకోవడమంటే ఏమిటో తెలియాలి కదా అని నేనూ నేలమీద పడుకునేదాన్ని. వాడూ పడుకునేవాడు. మాట నేర్చేశాడనుకున్నాను.

ఆ పొద్దున్న అయ్యా, ముగ్గురు చిన్నాన్నలూ కర్రలు పట్టి, సలసల కాగే పాకంతో పొయ్యిమీంచి పెనం ఎత్తారు. నల్లోడు వాళ్ల కాళ్లకేసి పరుగెత్తాడు.

"తొంగో!" అని అరిచాను.

ఆగి నా మొహం చూశాడు. పడుకోలేదు. కొత్త పరికిణీతోనే బూడిదలో బోర్లా పడ్డాను. వాడూ పడ్డాడు. పెనం వంచేదాకా ఇద్దరం కదల్లేదు.

అయ్య పగలబడి నవ్వాడు. "ఏటే గుంటా, నువ్వు కుక్కకి నేర్పేవా, కుక్కే నీకు నేర్పిందా?"

"ఏదైతే ఏటిరా? పాకం ఒలకలేదు కదా. నల్లోడు ఇక్కడే ఉంటాడు," అంది మామ్మ.

ముసలితనంలో నాకు అక్షరాలు నేర్పిన పిల్ల కూడా పక్కన కూర్చుని నాతోపాటే దిద్దింది. నా పద్ధతికి వంకేం లేదు.

ఆ రోజు అక్కడున్నది అయ్య, ముగ్గురు చిన్నాన్నలు, మామ్మ, నేను, నా పక్కనే బూడిదలో నల్లోడు.