ఐసు పెట్టెలో పూలజడ

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారీ చదువుదునుగానీ, నా పక్కన కూర్చున్నవాడే మాస్టారై వచ్చేస్తాడేమోనని మా నాన్న మాన్పించేశాడు. అప్పట్నుంచి ఆకివీడులో చేపల ప్యాకింగు. ఇంతటి మేధావికి మా అక్క తన కూతురి పెళ్ళికి పూలవాళ్ళని కుదిర్చే పని అప్పగించింది.

"ఒరేయ్, మండపం ఎలా ఉన్నా సర్దుకుంటాను. మల్లెమొగ్గల జడ వేసుకోవాలని పిల్లకి చిన్నప్పట్నుంచీ కోరిక. అదొక్కటీ చెడగొట్టకు."

ముందు ఏలూరు వెళ్ళాను. ఏసీ గదిలో కూర్చున్న డెకరేషనాయన "థీమ్ ఏంటండీ?" అన్నాడు.

"పెళ్ళేనండీ."

ఆయన నన్ను జాలిగా చూసి ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. కోటలు, సముద్రపు ఒడ్డు, ఏనుగులు.

"ఇవన్నీ మీరు చేసినవేనాండీ?"

"ఇలాంటివి చేయగలమండీ."

"మరి పూలు?"

"ప్లాస్టిక్కండీ. వాడిపోవు."

ఆ ఫోటోల్లో పెళ్ళికూతురు కూడా ప్లాస్టిక్కేమోనని అనుమానం వచ్చి లేచి వచ్చేశాను.

తాడేపల్లిగూడెం బస్టాండు దగ్గర పూలు కట్టే ఒకావిడకి ఫోటోలు కాదుగదా, కుర్చీ కూడా లేదు. తలెత్తకుండా మూడు ముక్కలు అడిగింది. "ముహూర్తం ఎన్నింటికండీ? ఊరెక్కడండీ? అమ్మాయి జడ ఎంత పొడవుంటుందండీ?" పూలవాళ్ళని వెతుక్కునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే: పిల్ల జడ పొడవు అడిగినవాళ్ళని వదలకండి. అక్కడితో ఆగుంటే నేనూ తెలివైనవాణ్ణే.

పెళ్ళి కలిదిండిలో, పగలు పదకొండింటికి. "పొద్దున్నే నేనే వచ్చి అల్లుతానండీ" అందావిడ.

"మీకెందుకండీ శ్రమ? ముందురోజే కట్టివ్వండి. కలకత్తాకి చేపలు పంపేవాణ్ణి, కలిదిండికి పూలు పట్టుకెళ్ళలేనా?"

ఇష్టం లేకుండానే కట్టి, తడిగుడ్డలో చుట్టి, వెదురుబుట్టలో పెట్టి ఇచ్చింది. "నీడన ఉంచండి, చాలు. ఇంకేమీ చేయకండి."

ఇంకేమీ చేయకుండా ఊరుకోవడం మా వంశంలో లేదు. దారిలో ఆకివీడులో దిగి, ఆ జడని థర్మోకోల్ పెట్టెలో పరిచి, కింద ఒక వరస, పైన ఒక వరస ఐసు పొడి పోసి, టేపు బిగించాను. నా ప్యాకింగుకి వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు.

పెళ్ళిరోజు పొద్దున్నే మూత తీస్తే మొగ్గలు ఉడికిన వంకాయ రంగులో ఉన్నాయి. వాసన సంగతి మేనకోడలే చెప్పింది. "మావయ్యా, ఇది జడలోకా, పులుసులోకా?" అని నవ్వబోయి ఏడ్చేసింది. అక్క పెట్టె మూత మళ్ళీ మూసేసి నాకేసి చూసింది. మా అక్క అరిస్తే నాకు భయం లేదు, అరవకపోతేనే భయం.

తాడేపల్లిగూడేనికి ఫోన్ చేశాను. ఆవిడ తిట్టలేదు. "కారు పంపండి" అంది, అంతే. వెనక సీట్లో కూర్చుని దారిపొడుగునా కడుతూనే వచ్చింది. ఆకివీడు దాటేసరికే సగం జడ అయిపోయిందని డ్రైవరు చెప్పాడు. పదిన్నరకల్లా పిల్ల వీపు మీద మల్లెలు తెల్లగా దిగాయి. పిల్ల అద్దంలో వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటోంది.

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు. "ఏవండీ, మా కొల్లేటి చేప ఐసులో వారమైనా చెక్కుచెదరదు. మీ పూలు ఒక్క రాత్రి ఆగలేకపోయాయే!" అన్నాను.

ఆవిడ సూదీ దారం సర్దుకుంటూ అంది: "చేపని చచ్చాక మీ చేతికిస్తారండీ. నేను పువ్వుని బతికుండగా ఇచ్చాను."