చూడి గొర్రె మాట

ఆ రోజుల్లో నేను పడుచువాణ్ణి. (అరవై దాటి రెండేళ్లే, తెలంగాణ వచ్చిన కొత్త.) కొల్లాపూర్ దిక్కు గుట్టల్లో మంద మేపుతుంటే చిరుత ఎదురొచ్చింది, ఒక్క గద్దింపుతో వెనక్కి పంపాను. అంతటివాణ్ణి మా ముసల్దాన్ని గద్దించలేనా? అదీ చేశాను. (చిరుత మాట కొంచెం సాగదీశాను. అది ఎవరిదో కుక్క. నేను చెట్టెక్కాక అదే విసుగొచ్చి వెళ్లిపోయింది.)

అసలు భయం ఇంట్లోనే పుట్టింది. కడుపుతో ఉన్న కోడలు ఓ పొద్దున గొర్ల దొడ్డి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. దవాఖానలో డాక్టరమ్మ కనురెప్ప లాగి చూసి, "రక్తం లేదు తాతా. మంచిగ తినకుంటే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరు" అంది. కోడలి పెదవులు సున్నం రాసినట్టున్నాయి. ఇంటికొచ్చేదాకా నాకు ఆ మాటే భయం. మా ముసల్దానిది ఇంకో భయం. కడుపులో బిడ్డ పెద్దదై తన అక్క కాన్పులోనే పోయింది. "బాగ తింటె బిడ్డ పెద్దగైతది. మా అక్కను జూసిన, దీన్ని గట్ల జూడలేను" అంటూ పిడికెడు అన్నమే పెట్టేది.

అందుకని మధ్యాహ్నం కాగానే, గొర్లకు నీళ్లు పెట్టాలనే వంకతో కోడల్ని అంగన్‌వాడికి తీసుకుపోయేవాణ్ణి. అన్నం, పప్పు, గుడ్డు, పాలు అన్నీ టీచరమ్మ కళ్లెదుటే తినాలి. (ఇంటికిస్తే ఒక గుడ్డు ఎన్ని ముక్కలవుతుందో ఆమెకు తెలుసు.) కోడలు తింటుంటే గుమ్మంలో నేను కాపలా. ఆకు కదిలినా ముసల్దే వచ్చిందని తొంగి చూసేవాణ్ణి.

ఒకరోజు నిజంగానే వచ్చింది. కొంగు నడుముకు చెక్కి, "ఏం జేస్తున్రు గీడ?" అంది. కోడలి చేతిలో గుడ్డు ఆగిపోయింది. పిల్లలు సైతం నమలడం మానేశారు. అప్పుడు నేను ముందుకెళ్లి, "చూడి గొర్రెకు మేత తగ్గిస్తమా? మరి మనిషికెట్ల తగ్గిస్తవ్?" అని గద్దించాను. పుట్టినప్పటి నుంచీ గొర్రెల మధ్యే బతికిన మనిషాయె. చతికిలబడి, అక్కను తలుచుకుని ఏడ్చి, కోడలి పల్లెంలో అన్నం తానే కలిపింది. అయినా కాన్పు గదిలోంచి ఏడుపు వినిపించేదాకా ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు.

ఆ మనవరాలు ఇప్పుడు బడికి పోతోంది. ఈ కథ దానికి చెప్పినప్పుడల్లా నా గొంతు లావవుతుంది, వయసు తగ్గుతుంది. నిన్నా అట్లాగే చెబుతుంటే, మేక పాలు పిండుతున్న కోడలు తల తిప్పకుండానే అంది:

"గా మాటన్నది నేను, మామా. నువ్వు పోరగాండ్ల వరుసల కూసొని, భయానికి పక్క పోరి గుడ్డు నోట్లె పెట్టుకున్నవ్. టీచరమ్మ వీపుల గుద్దితెగాని దిగలే."