చేప దవడతో దువ్విన పంచె

మన బిలాస్‌పూర్ తెలుగువాళ్లు సెలవు పెట్టి ఆంధ్రా వెళ్తే విశాఖలో దిగి, ఇసుకలో ఒక పూట కూర్చుని తిరిగి వచ్చేస్తారు. నేనూ చాలాసార్లు అలాగే వచ్చేశాను. ఈసారి సముద్రం జోలికి పోకుండా శ్రీకాకుళం జిల్లాలో మూడు రోజులు తిరిగాను. వెళ్లాలనుకునే వారికి పనికొస్తుందని రాస్తున్నాను.

వెళ్లడానికి కారణం మొక్కు. మా వారు రైలింజన్ డ్రైవరు. కిందటి ఏడు కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. సోమవారం రైల్వే ఆసుపత్రిలో కంటి పరీక్ష. నెగ్గితే మళ్లీ ఇంజన్ ఎక్కుతారు, లేకపోతే షెడ్డులో కుర్చీ పని. ముప్పై ఏళ్లు బండి నడిపిన మనిషికి కుర్చీ అంటే శిక్షే. కళ్ల జబ్బులకి మా వైపు అందరూ తలుచుకునేది అరసవల్లి సూర్యనారాయణ స్వామిని. మా వారు మళ్లీ ఇంజన్ ఎక్కాలని, పరీక్షకి ముందు వచ్చే ఆదివారం స్వామికి పొందూరు పంచె సమర్పిస్తానని మొక్కుకున్నాను.

పొందూరుదే ఎందుకంటే, మా అత్తగారు దాన్ని మడిబట్ట అనేవారు. ఆవిడ పుట్టింటివారు పెట్టిన పొందూరు చీర ఒకటి ట్రంకుపెట్టెలో ఉండేది. పూజకి తప్ప బయటికి తీసేవారు కాదు. మా క్వార్టర్లో చేపల కూర వండిన రోజున ఆ పెట్టె మీద దుప్పటి కప్పి, పక్క గదిలోకి జరిపించేవారు. ఆవిడ పోయాక నేనూ అదే పద్ధతి పాటిస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం విశాఖ బండి ఎక్కాము. రైల్వే పాసు మీద స్లీపర్లో రెండు బెర్తులు. తోడు మా అమ్మాయి లలిత, కాలేజీలో రెండో ఏడు. పూరీలు, బంగాళాదుంప కూర డబ్బాలో పెట్టుకున్నాం. రాయ్‌పూర్ రాకముందే అవి అయిపోయాయి.

"బీచ్ నహీ జాయేంగే తో ఇంకేం చూస్తాం అమ్మా?" అంది లలిత.

"సూరీడిని."

"వో తో బిలాస్‌పూర్ మే భీ హై. మనకే ఎక్కువ ఉన్నాడు."

మే నెల ఎండ తిన్నవాళ్లం, కాదనలేకపోయాను.

తెల్లవారేసరికి స్టేషను బోర్డుల మీద ఒడియా పోయి తెలుగు వచ్చింది. నేను బడికి వెళ్లలేదు. నాన్నగారు డ్యూటీ దిగి వచ్చాక పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువు. పార్వతీపురం పేరు అంత పెద్ద అక్షరాల్లో కనబడగానే ఆయనకి మనసులో దండం పెట్టుకున్నాను. లలిత కూడబలుక్కుని చదివి, "పార్వతీ... పురం. అచ్ఛా," అని మళ్లీ పడుకుంది.

ఆరున్నరకి విజయనగరంలో దిగాము. స్టేషను బయట ఇడ్లీ తిని, ప్యాసింజరు పట్టుకుంటే గంటకి పొందూరు. నేతవాళ్ల వీధులు ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. వీధి పొడవునా అరుగుల మీద రాట్నాలు తిరుగుతుంటాయి. ఒక అరుగు మీద అప్పలనరసమ్మ అనే పెద్దావిడ పత్తి దువ్వుతోంది. చేతిలో ఉన్నది దువ్వెనలా ఉంది గానీ దువ్వెన కాదు. చిన్న చిన్న పళ్లు, వంకర తిరిగిన ఎముక.

"ఏటది మామ్మా?" అన్నాను.

"దవడ. వాలుగ సేప దవడ."

నాకు అర్థమయ్యేలోగా లలితకి అర్థమైంది. "ఫిష్?" అని నా మొహం చూసింది.

"దీంతో దువ్వకపోతే నలకలు పోవు, నూలు సన్నంగా రాదు. మాయమ్మ కాడ్నించీ ఇదే," అంటూ ఆవిడ పని ఆపలేదు. దువ్విన పత్తి మంచులా విడిపోతోంది. దాన్ని ఏకులు చేసి ఎండిన అరటి దొప్పలో దాస్తారట, దుమ్ము పడకుండా.

"దాదీ పెట్టె మీద దుప్పటి!" అని లలిత అరుగు పట్టుకుని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆదివారం నేను చేప ముట్టను. అలాంటిది ఆదివారం పూట, సాక్షాత్తూ స్వామికి చేప పంటితో దువ్విన బట్టా?

"దేవుడికి పంచె పెడదామని ఇంత దూరం వచ్చాను మామ్మా," అన్నాను.

"పెట్టు. ఎవులొద్దన్నారు?"

"చేప కదా..."

"ఓలమ్మ! సూరీడు కాయకపోతే పత్తెక్కడిది, సేపెక్కడిది? రెండూ ఆ బాబు సొమ్మే గదేటి. మద్దిన నీకొచ్చిన బాదేటి?"

పంచె కొన్నాను. అరిగిపోయిన దవడ ఒకటి ఆవిడ లలిత చేతిలో పెట్టి, "మీ ఊరు అట్టుకెల్లి సూపించు," అంది.

మధ్యాహ్నం బస్సులో శ్రీకాకుళం చేరి, బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. గది శుభ్రం, నీళ్లకి లోటు లేదు. పంచె సంచిలోంచి తీసి కుర్చీ మీద పెట్టి చాలాసేపు చూశాను. వేరే బట్ట కొనచ్చు. కానీ మొక్కులో పేరు చెప్పేశాను.

ఆదివారం స్నానాలు చేసి, ఐదింటికల్లా ఆటోలో అరసవల్లి వెళ్లాము. ఆదివారం వెళ్లేవారు ఇంకా ముందే వెళ్లండి, వరస చాలా పొడుగు. నా వెనక నిలబడ్డ పలాస ఆవిడ తన కంటి ఆపరేషన్ కథంతా చెప్పింది. నేను విన్నాను, మా కథ చెప్పలేదు.

లోపల పూజారిగారి చేతికి పంచె ఇవ్వబోయి ఆగాను. దాచుకుని ఇవ్వడం తప్పనిపించింది. "స్వామీ, ఇది చేప దవడతో దువ్విన నూలట. పనికొస్తుందా?"

ఆయన తను కట్టుకున్న పంచె అంచు పట్టుకుని చూపించారు. "ఇదీ ఆ ఊరిదేనమ్మా. దీంతోనే గర్భగుడిలోకి వెళ్తున్నాను. పేరూ గోత్రం చెప్పి జరగండి, వెనక జనం ఉన్నారు."

పేరు, గోత్రం చెప్పాను. నల్లరాతి స్వామి ముందు నిలబడింది రెండు క్షణాలు. "ఆయన చూపు కాపాడు తండ్రీ," అన్నాను. బయటికి వచ్చి ప్రసాదం తింటున్నప్పుడు గుర్తొచ్చింది, ఇంజన్ మాట అడగనే లేదని. మళ్లీ వరసలో నిలబడదామంటే లలిత ఒప్పుకోలేదు.

సోమవారం పొద్దున్న బస్సులో శ్రీకూర్మం. స్వామి తాబేలు రూపంలో ఉంటాడు. ఆవరణలో నిజం తాబేళ్లు కూడా ఉన్నాయి. లలిత ఆకుకూర కట్ట కొని ఒక్కొక్క ఆకే పెడుతూ గంట కూర్చుంది. నా మనసు ఆసుపత్రిలో ఉంది.

పన్నెండున్నరకి బూత్ నుంచి ఇంటికి ఫోను చేశాను.

"ఏటే, నీ సూరీడు పంచె పుచ్చుకున్నాడా?" అన్నారు మా వారు.

"పుచ్చుకున్నారు."

"పంచె ఆయనకి, కుర్చీ నాకు. ఆపరేషన్ అయిన కంటితో ఇంజన్ ఎక్కొద్దన్నారు." నేను మీటరు మీద అంకెలు చూస్తున్నాను. "బిల్లు తిరుగుతోంది, పెట్టెయ్యి," అన్నారు.

సాయంత్రం విజయనగరం వచ్చి మన బండి ఎక్కాము. ఎదుటి బెర్తులో కోర్బా బొగ్గు గనుల ఉద్యోగి భార్య. మూడు రోజులూ విశాఖ బీచ్‌లోనే గడిపారట. "మీరేం చూశారండీ?" అంది. లలిత సంచిలోంచి దవడ తీసి, సగం హిందీ సగం తెలుగులో పొందూరు కథ మొదలుపెట్టింది. పక్క బెర్తులవాళ్లు కూడా లేచి వచ్చి విన్నారు. సముద్రం చూడలేదని దానికి గుర్తే రాలేదు.

నేను మాత్రం అడిగినదానికీ అడగనిదానికీ లెక్క చూసుకుంటూ పడుకున్నాను. ఎవరి మీదా కోపం రాలేదు. ఆ ప్రయాణం నాకు ఇచ్చినవి తలుచుకుంటే, కూడబలుక్కుని చదివే నా కూతురు, పూజారిగారికి దాచకుండా చెప్పిన మాట, అరుగు మీది పెద్దావిడ చీవాట్లు, అన్నీ మిగిలాయి.

మంగళవారం ఉదయం బిలాస్‌పూర్. పెళ్లయినప్పటి నుంచీ నేను ఏ ఊరు వెళ్లి వచ్చినా స్టేషనులో నన్ను దింపుకోవడానికి మా వారు రాలేదు. ఎప్పుడూ డ్యూటీయే. బండి నెమ్మదించింది. నేను తలుపు దగ్గర నిలబడి జనంలో సామాను కోసం కూలీని వెతుకుతున్నాను. ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి, ఇంకా నాలుగు బోగీల దూరం ఉండగానే, ఎవరో చెయ్యి ఎత్తి నా పేరు పిలిచారు. నాకు మనిషి ఆనలేదు. ఆయనకి నేను ఆనాను.