అమ్మ ముగ్గు పలక

సొంత వెబ్‌సైట్ కట్టుకుందామని వారం నుంచి ఒక్కో సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తున్నా. నిన్న ఒకదాంట్లో నల్లటి పేజీ వచ్చింది. దాని మీద తెల్లగీతలు అటూ ఇటూ జరుపుతుంటే తడి పలక వాసన ముక్కుకు తగిలినట్టయింది.

మార్కాపురం పిల్లలూ, గుర్తుందా, మన ఇళ్లల్లో ఎక్కడ చూసినా అంచు విరిగిన పలకలే. మా నాయన పలకల ఫ్యాక్టరీ నుంచి తెచ్చినవాటి మీద అమ్మ కొత్త ముగ్గు వేసి చూసుకునేది. నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచి మళ్లీ వేసేది. వాకిట్లో వేస్తే వీధంతా చూస్తది గదా.

ఇంక వేరే సాఫ్ట్‌వేర్ వెతకలేదు. కానీ పొద్దుటి నుంచి చెరిపి చెరిపి పెడుతున్నానే గానీ, పబ్లిష్ నొక్కడానికి ధైర్యం చాలలేదు. పక్కన కూర్చోని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ స్క్రీన్ వైపు చూసి అనింది.

"పలక మీద బాగానే కుదిరిందిలేమ్మా. ఇంక వాకిట్లో వెయ్యి."