టేపురికార్డరును ఒళ్ళో పెట్టుకుని సాలూరు దాకా

ఉపవాసం ఉన్న రోజున బస్సు ప్రయాణం ఎవరూ కోరి పెట్టుకోరు. సరిగ్గా దశమి సాయంత్రం మా గోష్ఠి టేపురికార్డరు ఆగిపోవడంతో ఏకాదశి నాడు నాకు సాలూరు ప్రయాణం తప్పలేదు.

శ్రీకాకుళంలో మా పారాయణ గోష్ఠికి గురువుగారు పరమపదించాక మిగిలింది ఒకే ఒక్క కేసెట్టు. అందులో విష్ణు సహస్రనామం చదివే ఆయన కంఠం మేఘం ఉరిమినట్టు ఉంటుంది. ఒక్కో నామాన్ని సాగదీసి, ఆగి, మళ్ళీ సాగదీస్తారు. మేమూ అలాగే చదువుతాం. నడుమ ఒకచోట శంఖం మోగుతుంది. ఆ వెంటనే దూరం నుంచి "ఆ...యు...స్సూ" అని దీవెన వినిపిస్తుంది. అప్పుడందరం లేచి చేతులు జోడిస్తాం. పిల్లల్ని ముందుకు తోస్తాం.

దీనికి ఎదురు చెప్పినవాడు మా మేనమామ సూరి మావ ఒక్కడే. "గురువుగారు ఇలా సాగదీసీవోరు కాదు, బేగి సదివీవోరు. ఆ శంకమూ శంకం కాదు" అనేవాడు. చిన్నతనం నుంచీ గురువుగారి పక్కన కూర్చుని చదివినవాడు. అయినా గోష్ఠికి కోపం వచ్చింది. ఆయన చదువుకు "పరుగు పారాయణం" అని పేరు పెట్టి, ముందు పీట మీది నుంచి లేపి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చోబెట్టారు. టేపు మావదే కాబట్టి దాన్ని మోసే సేవ మాత్రం మిగిలింది. పీట పోయిన నాటి నుంచి మావ పైకి చదవడం మానేశాడు. పెదవులు కదుపుతాడంతే.

గోష్ఠి పెద్ద మాస్టారు సాగనంపుతూ, "ఆ కంఠం లేకపోతే ఈ రాత్రి పారాయణం లేదమ్మా" అన్నారు. సెల్‌ఫోన్లో ఎక్కిద్దామన్న కుర్రవాళ్ళను ఆయన ఎప్పుడో కసిరేశారు.

ఉదయం ఆరుంబావుకు ఆర్టీసీ కాంప్లెక్సులో బొబ్బిలి వైపు వెళ్ళే బస్సెక్కాం. లోపలి రబ్బరు బెల్టు తెగిందని మావకు తెలుసు. అయినా ట్రంకు పెట్టెంత టేపును మొత్తంగా పట్టుకొచ్చాడు. ఏ మూలికో తేలక కొండనే పెకలించి తెచ్చిన స్వామి భక్తులం మేము. నాకు ఆధార్ కార్డు మీద సున్నా టిక్కెట్టు వచ్చింది. మావ టిక్కెట్టు కొన్నాడు. చిక్కు టేపుతో వచ్చింది.

"ఇదెవలిది?" అంది కండక్టరమ్మ.

"నా మేనకోడలిది. ఆడకూతురి ఒళ్ళో ఉన్నాది, అవుపడలేదేటి?" అన్నాడు మావ.

"ఆడకూతుర్లకే ఫ్రీ తాతా, ఆల టేపులకి కాదు" అంటూనే నవ్వి వదిలేసింది. ఆ బరువుకు రాజాం వచ్చేసరికి నా మోకాళ్ళకు స్పర్శ లేదు.

తొమ్మిదికి బొబ్బిలిలో బస్సు మారాం. ఉపవాసం లేనివారికి స్టాండు ఎదురుగా వేడివేడి ఇడ్లీ దొరుకుతుంది. వాసన బట్టి చెబుతున్నాను. మేం అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాం. మావ మాత్రం టీ తాగి, "టీకి ఏకాదశి నేదే" అని కొత్త శాస్త్రం చెప్పాడు.

పదింటికి సాలూరులో దిగాం. ఊరంతా లారీలే. కేసెట్టు పాటలు లేనిదే కొండ ఘాటీ ఎక్కని పాత డ్రైవర్లు ఇంకా ఉన్నారట. అందుకే ఆ రోడ్డు పక్కన టేపులు బాగుచేసే దుకాణం ఒకటి బతికుంది. యజమాని చేతిలో పని కంటే నోట్లో మాట ఎక్కువ. మా టేపు మూత విప్పి, "ఓలమ్మో, ఇది ఇంకా పాడతందేటి! దీని ఈడువి మా ఊళ్ళో కోళ్ళ గంపల మీద బరువుకి పెట్టుకుంటన్నారు" అన్నాడు. తెగిన బెల్టు తీసి చూపించాడు. సాగి సాగి, పాత లంగా నాడాలా ఉంది. కొత్తది వేసి మీట నొక్కాడు.

సన్నటి గొంతు ఒకటి గబగబా నామాలు చదవసాగింది.

"ఇది మా కేసెట్టు కాదు బాబూ" అన్నాను.

"మీదే. బెల్టు లూజైతే మెల్లిగా తిరుగుతాది, గొంతు బొంగురుగా వస్తాది. ఇప్పుడు సరిగ్గా తిరుగుతన్నాది."

ఇన్నేళ్ళూ మేం గురుసంప్రదాయం అనుకుని భక్తితో సాగదీసింది రబ్బరు బెల్టునన్నమాట! అంతలో శంఖం రావలసిన చోట "పీం పీం" అని హారన్ మోగింది. అలవాటు కొద్దీ నేను స్టూలు మీంచి లేచి చేతులు జోడించాను. టేపులో ఎవరో దూరం నుంచి కేకేశారు:

"ఐసు! పాలైసూ!"

దుకాణదారు నా వంక ఎగాదిగా చూశాడు. "ఏటమ్మా, ఐసుకి దండం ఎడతన్నావు?"

మావ నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని గురువుగారితో పాటే గబగబా పైకి చదువుతున్నాడు. ఒక్క నామం తప్పడం లేదు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో!

దుకాణదారు నా ముఖం చూసి జాలిపడినట్టున్నాడు. "పాత గొంతే కావాలంటే సెప్పండి, మోటారు స్క్రూ కాస్త తిప్పి నెమ్మది సేసెస్తాను" అన్నాడు.

మావ చదవడం ఆపి తల దించుకున్నాడు. స్క్రూ తిప్పిస్తే ఆయన మళ్ళీ చెప్పుల దగ్గరే.

"వద్దు. గురువుగారు ఎలా పలికారో అలాగే ఉండనీ" అన్నాను.

మధ్యాహ్నం బొబ్బిలిలో తిరుగు బస్సెక్కాం. రాజాం దాటాక మాస్టారు ఫోను చేశారు. "గొంతు వచ్చిందా అమ్మా?"

చెప్పడం నా వల్ల కాక, ఫోను టేపు దగ్గర పెట్టి, బ్యాటరీల మీదే మీట నొక్కాను. గురువుగారు గబగబా సాగారు. హారన్ మోగింది. కేక వినిపించింది. ముందు సీట్లో తల్లి ఒళ్ళో నిద్రపోతున్న చిన్నపిల్ల దిగ్గున లేచి కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"అమ్మా, ఐసు బండి! ఐసు కావాలి!"

"ఏదే? ఇక్కడ లేదు, పడుకో" అంది తల్లి. పిల్ల రాగం అందుకుంది. మావ వెనక్కి వాలి కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. "సాచ్చెం దొరికిందే! ఇన్నాళ్ళకి దొరికింది!"

అటువైపు మాస్టారు అన్నీ విన్నారు. చివరికి, "సూరిని ఈ రాత్రి ముందు పీట మీద కూర్చుని చదవమను. మేం వెనకాల అందుకుంటాం" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మరి ఆ ఐసు దగ్గర... లేవాలా, కూర్చోవాలా?" అని అడిగారు.

మావ ఫోను లాక్కున్నాడు. "లెగండి మాస్టారూ. నా మనవరాలికి జొరం తగ్గని రోజున అక్కడ నానూ లెగిసి దండం ఎట్టేను."

ఫోను పెట్టేశాక అడిగాను. "ఐసని తెలిసేనా మావా?"

"తెలిసే. పాలోళ్ళింట పెరిగిన సామికి పాలైసోడి నోటంట పలకడం కష్టమేటే?"

ఎన్నో ప్రవచనాలు విన్నాను. ఇంత పొట్టిది వినలేదు. చిలకపాలెం దగ్గర బస్సు మలుపు తిరుగుతుంటే మావ ముందు సీటు కమ్మీ పట్టుకుని, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో సరిచూసుకుంటూ పైకే చదువుకుంటున్నాడు. గుడి గడప తొక్కకుండా తిరిగొచ్చిన యాత్ర నాకిదొక్కటే. దర్శనం కాలేదని మాత్రం అనలేను.