అందరికీ వినబడేదే

కొన్ని నెలలుగా నా చెవుల్లో కీచురాళ్ల రొద. రైసుమిల్లు పక్కనే మా ఇల్లు కాబట్టి అది మిల్లు మోతేనని మావారు తేల్చేశారు. మిల్లు ఆపాక కూడా వినబడుతోందని చెప్పి చెప్పి అలిసిపోయాను. మా అత్తగారిది ఒకటే మాట: "అది రావణకాష్ఠం కాలే చప్పుడమ్మా, చెవులు మూసుకుంటే అందరికీ వినబడేదే."

ఈ రోజు రాజమండ్రిలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడా వెంట వచ్చారు. నేను నోరు విప్పేలోపే ఆయనకీ రావణకాష్ఠం సంగతి చెప్పేశారు.

"చెవులు మూసుకోకపోతే మీకు వినబడదు కదండీ, మామ్మగారూ?" అన్నారాయన.

"ఎందుకు వినబడదు బాబూ? కాపురానికొచ్చిన కొత్తల్లోంచీ వినబడుతూనే ఉంది. అందరికీ అంతే కదా?"

డాక్టరుగారు నన్ను లేవమని, ఆ కుర్చీలో ఆవిణ్ణి కూర్చోబెట్టారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అత్తగారు మెల్లిగా అడిగారు: "అయితే అమ్మాయ్, మిగతావాళ్లకి రాత్రిళ్లు ఏమీ వినబడదా?"

 చెవుల్లో ఏ చప్పుడూ లేనివాళ్లు మీలో ఉంటే, అదెలా ఉంటుందో కాస్త రాయండి. ఆవిడకి చదివి వినిపిస్తాను.