లోలోది ఏ దీవి?

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇప్పుడంటే పొద్దుటి మాత్ర వేసుకున్నానో లేదో కూడా మా ఆవిణ్ణి అడగాలి గానీ, స్కార్‌బరోలో కొత్తగా కాపురం పెట్టినప్పుడు ప్రపంచంలో ఏ మూల ఏ బొమ్మ చెక్కినా చూడగానే దాని ఊరూ పేరూ చెప్పేవాణ్ణి. పాత వస్తువులు వేలం వేసే ఒక పెద్ద సంస్థలో ప్రాచ్యకళల నిపుణుడిగా పనిచేసేవాణ్ణి. (సరే, సంస్థ కాదు, దుకాణం. నిపుణుణ్ణీ కాదు, దుమ్ము దులిపి చీటీలు అంటించేవాణ్ణి. ఇండియా నుంచి వచ్చాను కదా అని, సూయజ్ కాలవ దాటాక తయారైన ప్రతి వస్తువునీ మా దొర నా ముందు పెట్టి "ఇదెక్కడిది?" అనేవాడు. నేను తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఎవరూ తిరిగొచ్చి దెబ్బలాడలేదు.)

ఈ కీర్తి మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పైకీ కిందకీ తిరిగి, పక్క ఫ్లాట్‌లో ఉండే ఫిలిప్పీన్స్ నర్సమ్మ చెవిన పడింది. ఒక ఆదివారం ఆవిడ తన తండ్రిని వెంటబెట్టుకొచ్చింది. ఆ ఇంట్లో అందరూ ఆయన్ని లోలో అనేవారు, వాళ్ళ భాషలో తాత అని. లోలో గుడ్డలో చుట్టిన బాకు తీసి బల్లమీద పెట్టాడు. నల్లటి కొమ్ముతో చేసిన పిడి. దాని చివర కోరలు బయటపెట్టి నోరు తెరిచిన ఏదో మృగం తల. చిన్నప్పుడు మాయరోగమేదో ఆయన ఊరిని ఊడ్చేస్తే, ఓడలో వంటవాడొకడు జాలిపడి మనీలాకి తెచ్చి పెంచాడట. దక్షిణాన ఏదో దీవి అన్నాడే గానీ, ఊరిపేరు చెప్పకుండానే ఆ వంటవాడూ పోయాడు. మూటలో మిగిలింది ఈ బాకు ఒక్కటే.

"ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయి. ఎక్కువ రోజులు లేవంటున్నారు డాక్టర్లు," అంది నర్సమ్మ, ఆయనకి వినపడకుండా.

ఆయనకి వినపడింది. "నా బూడిద ఎక్కడికి తీసుకెళ్ళాలో పిల్లకి చెప్పాలి కదా బాబూ," అన్నాడు.

అలాంటప్పుడు మనిషన్నవాడు నోరు మూసుకోవాలి. నేను పిడిని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పాను. కాలేజీ ఎక్స్‌కర్షన్‌లో చూసిన గుడి స్తంభాలమీద సరిగ్గా ఇలాంటి మృగమే ఉంది. "ఇది యాళి! మా గుళ్ళల్లో ఉంటుంది. మా తీరంనుంచి ఓడలు తూర్పు దీవులకి వెళ్ళేవి. సందేహం లేదు లోలో, మీ పూర్వీకులు తెలుగువాళ్ళు!" అన్నాను. (పైదేశంలో ఉన్న తెలుగువాడికి ఎక్కడ ఏ మంచి వస్తువు కనిపించినా అది మనదే అనిపించే జబ్బొకటుంది. నాకు కాస్త ముదిరింది.)

ముసలాయన నమ్మాడు. నమ్మి, మర్నాటినుంచి మా ఇంటికి భోజనానికి రావడం మొదలుపెట్టాడు. గోంగూర పచ్చడి కలుపుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే "అమ్మాయ్, ఇంకొంచెం" అని మా ఆవిడ నేర్పిన తెలుగులో అడిగేవాడు. "ఇన్నాళ్ళకి మావాళ్ళ అన్నం," అని ఇంగ్లీషులో అనేవాడు. ఆ కన్నీళ్ళు కారానివో కావో నాకు తెలిసేది కాదు.

ఒకరోజు ఆయన వెళ్ళగానే మా ఆవిడ నన్ను పట్టుకుంది. "ఏమండీ, నిజంగా మనవాడేనా?"

"దాదాపు."

"దాదాపు ఏవిటండీ! రేపు ఆ పిల్ల అస్థికలు పట్టుకుని బందరు వెళ్ళి ఎవరి గుమ్మం తొక్కుతుంది? తెలిసినవాళ్ళెవరినైనా అడిగి రండి. లేదంటే, మా ఆయన కోతలు కోశాడండీ అని నేనే చెప్పేస్తా."

మెరుగు పెట్టిస్తానని లోలోకి చెప్పి, బాకుని టిఫిన్ డబ్బా సంచిలో దాచుకుని బస్సెక్కాను. డౌన్‌టౌన్‌లో ఒక మ్యూజియంలో పాత ఆయుధాల సంగతి చూసే ఆవిడ ఉంది. ఆవిడ ముందు పిడి వైపు చూడనే లేదు. బాకు పదును తిప్పి చూసింది. వడ్రంగి ఉలిలా ఒక పక్క చదును, ఒక పక్క వాలు. "విసయా దీవులు, మనీలాకి దక్షిణాన," అంది. తర్వాత ఆ మృగం ముట్టె, కళ్ళు, కోరలు వేలితో తడిమి, "పనాయ్ కావచ్చు, నెగ్రోస్ కావచ్చు," అంది. ఏదో ఒకటి చెప్పమని బతిమాలాను.

"చెప్పలేను. ఎదురెదురు దీవులు అవి. పనాయ్ జనం చెరకు పనికని అటు వెళ్ళి స్థిరపడ్డారు. చెక్కేవాళ్ళూ వాళ్ళతోపాటే వెళ్ళారు. ఇంతకు మించి చెబితే అది కట్టుకథ."

చెప్పలేను అని కూడా జీతం తీసుకోవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

సాయంత్రం లోలోకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. (ధైర్యంగా చెప్పాననుకునేరు. మా ఆవిడ వెనక నిలబడి వీపులో పొడుస్తుంటే చెప్పాను.) ఆయన ముందున్న కంచం పక్కకి జరిపాడు.

"అయితే నేను మీవాణ్ణి కానా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి మ్యూజియం ఆవిడ జవాబు చెప్పి పంపలేదు. మా ఆవిడే ముందుకొచ్చి, "ఎవరన్నారు? అన్నం చల్లారిపోతోంది, కలుపుకోండి," అంది.

ఆ ఏడు మంచు కరగకముందే ఆయన పోయాడు. రెండింటిలో ఏ దీవో తేలనే లేదు. నర్సమ్మ మాత్రం వెళ్ళింది. ఆ రెండు దీవుల మధ్య తిరిగే ఫెర్రీ ఎక్కి, నడిసముద్రంలో రెయిలింగ్ పక్కన నిలబడి ఆయన్ని నీళ్ళలో కలిపింది. "ఏ ఒడ్డుకి వెళ్ళాలో నాన్నకే వదిలేశాను," అంది తిరిగొచ్చాక, అక్కడ తీసిన ఫోటో నా చేతిలో పెడుతూ.

అది ఇప్పటికీ మా హాల్లో ఉంది. ఎవరొచ్చినా చూపించి, "ఇటు పనాయ్, అటు నెగ్రోస్, ఆ మబ్బు కింద నల్లగా కనబడుతోందే, అదే మా లోలో పుట్టిన ఊరు," అని చెబుతుంటాను. వాళ్ళు కళ్ళజోడు సర్దుకుని, అవునవును అంటారు. నిజానికి అందులో ఒడ్డే లేదు. నీళ్ళు, రెయిలింగ్, నర్సమ్మ చెయ్యి, అంతే. మా ఆవిడ వంటింట్లోంచి అంతా వింటూనే ఉంటుంది గానీ, ఈ ఒక్క కోతకి మాత్రం ఏనాడూ అడ్డు రాలేదు.